తంగేడు మెడతాడు

మా తంగేడు మెడకు కట్టిన ఉన్నితాడు నేనే వడికాను, నేనే పేనాను, నేనే ముడి వేశాను. పన్నెండేళ్లు సందుగలో దాచి, చివరికి నా చేతులతో నేనే పాడు చేశాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు నీళ్ల సంగతి చెప్పాలి.

ఎనభై ఒకటో సంవత్సరం. కృష్ణ మీద దిగువన పెద్ద కట్ట కట్టారు. ఆ నీళ్లు వెనక్కి పొంగి మా మీదికి వస్తాయని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు, మేము వింటూనే ఉన్నాం. నీళ్లేమిటి, వెనక్కి రావడమేమిటి అని నవ్వుకున్నాం కూడా. నిజంగా వచ్చేసరికి ఇంటి దూలాలు పీక్కొని, దర్వాజలు ఊడబెరుక్కొని, బండ్ల మీద వేసుకొని కొల్లాపూర్ వైపు మిట్ట మీద వేసిన కొత్త కాలనీకి ఎక్కాం. మేము కురుమవాళ్లం. గొర్రెలు కాయడం, ఉన్ని వడకడం, గొంగళ్లు నేయడం మా పని. మా ఆయన లచ్చయ్య మందలో అప్పుడు నూటికి పైగా జీవాలు ఉండేవి.

మా అక్క అమృతమ్మ అంతకు రెండేళ్ల ముందే జ్వరంతో పోయింది. దాని పదేళ్ల కూతురిని నేనే తెచ్చి పెంచుకున్నాను. ఎవరి బిడ్డ అని ఎవరైనా అడిగితే నా బిడ్డే అనేదాన్ని. అడిగినవాళ్లు మళ్లీ ప్రశ్న వేసేవాళ్లు కారు. అక్క బిడ్డ నాకు బిడ్డ కాక ఇంకేమవుతుంది?

ఇల్లు సగం ఇక్కడ, సగం అక్కడ ఉన్న ఆ రోజుల్లోనే ఒక పొద్దుట లచ్చయ్య మందను తోలుకొని వచ్చాడు. భుజం మీద ఉండాల్సిన గొంగడి రొమ్ముకు అదుముకొని ఉంది.

“ఏందయ్యా గా గొంగట్ల?” అన్నాను.

“సుట్టమొచ్చింది. సప్పుడు జెయ్యకు.”

విప్పి చూస్తే జింకపిల్ల. పుట్టి పది రోజులు కూడా ఉండవు. నాలుగు కాళ్లూ మడుచుకొని, చెవులు వెనక్కి వేసి, ఊపిరి కూడా వినిపించకుండా పడుకుంది. నాకు ఒళ్లు మండింది. జింక తల్లి పిల్లను గడ్డిలో దాచి, తాను దూరంగా మేస్తుంది, పాలకు మాత్రం దగ్గరికి వస్తుంది. ఇది తెలియనివాళ్లే అయ్యో తల్లి లేదని ఎత్తుకొచ్చి పిల్లను చంపుతారు. మా కురుమ ఇళ్లలో ఐదేళ్ల పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

“తల్లి లేదనుకొని ఎత్కొచ్చినవా? నెత్తి ఖరాబైందా నీకు?”

“నాకెర్కలేదానే? రెండొద్దులు సూసిన. తంగేడు పొద కింద ఏడ వెట్టిందో ఆడనే వున్నది. ముట్టలె. ఇయ్యాల పోతె నీళ్లు పొదకు బారెడు దూరంల వున్నయ్. తల్లి గా పక్క దిబ్బ మీద నిలవడ్డది. నడుమ అంతా నీళ్లే. గిప్పుడు జెప్పు, నువ్వైతే ఏం జేద్దువు?”

పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. అప్పుడు అడిగాను. “నువ్వు ఎత్కుంటుంటె తల్లి సూసిందా?”

లచ్చయ్య గొంగడి దులుపుకుంటూ అటు తిరిగాడు. “సూసింది” అన్నాడు.

పొద పేరే పిల్లకు పెట్టాం. రంగు కూడా ఎండబడ్డ తంగేడు పువ్వు రంగే. మేకపాలలో గుడ్డ ముంచి చప్పరింపజేస్తే మూడో రోజుకు గుడ్డతో పాటు నా వేళ్లు కూడా గుంజడం మొదలుపెట్టింది. కాలనీలో కుక్కలు ఎక్కువ. ఎక్కడుందో తెలియాలని నల్లగొర్రె ఉన్నితో తాడు పేని, చిన్న గంట కట్టి మెడకు వేశాను. గొంగడి అంచుకు వేసే ముడి ఒకటి ఉంటుంది, మా అమ్మ నేర్పింది. మూడు మెలికలు తిప్పి, కొనను లోపలికి దోపాలి. ఆ ముడి చూసి ఇది ఫలానా ఇంటి గొంగడి అని చెప్పేవాళ్లు. వదులుగానే కట్టాను, పిల్ల పెరుగుతుంది కదా అని.

రెండేళ్లు ఆ గంట చప్పుడే మా ఇల్లు. నేను జొన్నలు విసురుతుంటే తిరగలి పక్కన నిలబడి పిండిలో మూతి పెట్టేది. కొట్టబోతే ఇంత ఎత్తు ఎగిరి, మంచం దాటి, అక్క బిడ్డ వెనక దాక్కునేది. “మా చెల్లెను గొట్టకే” అనేది ఆ పిల్ల.

తర్వాత అడవి శాఖ గార్డు రఘుపతి వచ్చాడు. మంచివాడే. గడపలో కూర్చొని, మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టాక చెప్పాడు. “అక్కా, అడవి జీవాన్ని ఇంట్ల వెట్టుకుంటె కేసైతది. నేను సూడనట్టు వోతా గని, రేపొచ్చెటోడు సూస్తడు. అయినా దీనికి తోడు గావాలె గదా.”

ఆ మాటే నాకు తగిలింది. కేసుకు కాదు, తోడుకు.

తొలకరి పడ్డాక మిట్ట మీది బీడుకు తీసుకుపోయాం. అక్కడ ముప్ఫై నలభై జింకల మంద ఎప్పటి నుంచో ఉంది. గంటతో పోతే మందంతా బెదురుతుందని తాడును తల మీదుగా లాగాను. ముడి విప్పలేదు. చెవుల దగ్గర ఇరుక్కొని, నాలుగు వెంట్రుకలు అంటుకొని వచ్చింది. తంగేడు నన్ను చూసింది, మందను చూసింది. ఒక ముసలి ఆడజింక వచ్చి దాని మూతి వాసన చూసింది. అంతలో ఏదో అలికిడికి మంద ఎగిరింది, దానితో పాటు ఇదీ ఎగిరింది. ఒక్కసారైనా వెనక్కి చూస్తుందని నిలబడ్డాను. చూడలేదు. చూడకపోవడమే మంచిదని లచ్చయ్య అన్నాడు గానీ, ఆయనా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత ఆయనకు సద్ది తీసుకుపోయే సాకుతో రోజూ బీడుకు పోయాను. మొదటి నెల గుర్తుపట్టాను. వానలు వెనకబడేసరికి మందలో ఆడవన్నీ తంగేడు రంగువే. ఇక బతికిందో పోయిందో, పిల్లల్ని కన్నదో లేదో తెలియలేదు. నీళ్ల వైపు పోయినప్పుడల్లా ఆ దిబ్బ ఎక్కడుండేదో లెక్క వేసుకునేదాన్ని. దిబ్బ ఎప్పుడో మునిగింది. దాని మీద నిలబడ్డ తల్లి మాత్రం నా కళ్లలో నిలబడే ఉంది. మరొక తల్లి బిడ్డను తెచ్చి పెంచి, ఆ బిడ్డను నిలబెట్టానా, ఊరికే పోగొట్టానా? ఎవరిని అడగాలి ఈ మాట?

తొంభై ఐదులో, చలికాలం మొదట్లో, జీపులో రఘుపతితో పాటు ఒక అమ్మాయి దిగింది. పేరు తాహేరా. నకిరేకల్ పిల్ల, తండ్రి అక్కడ దర్జీ. హైదరాబాద్‌లో జీవుల నెత్తురు, వెంట్రుకలు పరీక్ష చేసే చోట పెద్ద చదువు చదువుతోంది. కొంగు నడుముకు చెక్కి, చేతులకు పల్చటి తొడుగులు వేసుకొని, బీడంతా వంగి జింక పెంటికలు ఏరి కాగితపు పొట్లాలు కడుతోంది.

లచ్చయ్య కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు. “గింత సదువు సదివి పెంటికలు ఏరవడ్తివా బిడ్డా? మా ఆమె రెండో తరగతికే ఏరింది.”

తాహేరా నవ్వింది. “జర ముందే మీ ఊరికొస్తె నాకు గా సదువు ఖర్చు తప్పుతుండె తాతా!”

ఆమెకు మా ఇంట్లోనే జొన్నరొట్టె. తింటూ చెప్పింది. పంటలు మేస్తున్నాయని రైతులు అర్జీలు పెట్టుకున్నారట. మందలో సగాన్ని పట్టి వేరే అడవికి తరలించాలని శాఖ ఆలోచన. “తలకాయలు లెక్కవెడితె సాలదు అవ్వా. యాభై వున్నయ్ అనుకో. యాభై ఒక్క ఇంటి నెత్తురే అయితె? ఒక్క రోగమొస్తె అన్నీ ఒక్కపారే కూలుతయ్. ఎన్ని తీర్ల నెత్తురున్నదో ఎరుక లేక సగం పట్టుకపోతె, అరుదైనది ఏదన్న వుంటె గదే పోవచ్చు. గందుకే గీ పెంటికలు. పేగు పొర కొంచెం అంటుకొనొస్తది. దాంట్ల చూస్తం.”

“గీ మాత్రానికి హైదరాబాదెందుకు?” అన్నాడు లచ్చయ్య. “ఇంటి పొట్టేలును ఇంట్లనే వుంచితె పిల్లలు బక్కగ వుడ్తయ్. రెండేండ్లకోపారి వేరే మందకు పోయి పొట్టేలు మార్సుకుంటం మేము. మా తాత జేసిండు, నేను జేస్తున్న.”

తాహేరా రొట్టె తినడం ఆపి, చేయి తుడుచుకొని, ఆ మాట పుస్తకంలో రాసుకుంది. మా ఆయనకు ఆ రోజు పట్టపగ్గాలు లేవు.

మరునాడు ఆయనే ఆమె పనిని ఆపాడు. ఒక పెద్ద కుప్ప దగ్గర కూర్చొని పొట్లం మీద పొట్లం కడుతోంది ఆమె.

“ఆగు బిడ్డా. గదంతా ఒక్క ఇర్రి జాగా.” ఇర్రి అంటే నల్లటి మగజింక. “అది నా జాగా అని జెప్పనీకె రోజూ ఆడనే ఏస్తది. గా కుప్పలకెంచి నూరు పొట్లాలు గట్టినా ఒక్కని పొట్లమే. ఆడవైతె మేసేకాడ సల్లుకుంట పోతయ్. నువ్వు దూరం కూసో, ఏది ఏస్తె దాని ఎన్క పోయి ఏరుదాం.”

“యా అల్లా! రెండొద్దుల పని!” అంటూ ఆమె పొట్లాలన్నీ కుమ్మరించింది. ఆ తర్వాత మొత్తం పని మా ఆయన చూపు మీద నడిచింది. ఫలానా చెవి చిరిగినది, ఫలానా కుంటిది అని ఆయన చెప్పడం, ఆమె పొట్లం మీద నంబరు వేయడం.

మూడో రోజు నా నోరు ఆగలేదు. “బిడ్డా, పెంటికలు సూసి ఎవ్వల బిడ్డ ఎవ్వలో తెలుస్తదా?”

“తల్లి దిక్కు జర తెలుస్తదవ్వా. తల్లి నుంచి బిడ్డకే వచ్చే గుర్తొకటుంటది. తండ్రి నుంచి రాదు. అమ్మమ్మది అమ్మకు, అమ్మది బిడ్డకు, గట్ల.”

తంగేడు కథంతా చెప్పాను. అయిపోయాక మెల్లగా అడిగింది. “దానిది వెంట్రుక గిట్ల ఏమన్న వున్నదా నీ తాన?”

“మెడతాడున్నది.”

“ఎల్లుండి పోయేటప్పుడు ఇయ్యి. సూస్త. గ్యారంటీ జెప్ప గని, సూస్త.”

ఇంటికి పోయి సందుగ తెరిచాను. తాడు ఎలా ఉందంటారా, పన్నెండేళ్ల మురికి. ఎండిన పాలు, దుమ్ము, చెమట. పరాయి ఆడపిల్ల చేతిలో, అందులో పెద్ద చదువు చదివిన పిల్ల చేతిలో ఇది పెట్టడమా? కురుమ ఇంటి నుంచి ఉన్ని వస్తువు గంజి లేకుండా గడప దాటదు. అది మా మర్యాద. గంట ఊడదీసి, వేడినీళ్లలో కుంకుళ్లు వేసి ఉడకబెట్టాను. బండకేసి కొట్టాను. చింతగింజలు వేయించి, నూరి, గంజి కాచి పట్టించి, ఎండలో ఆరేశాను. సాయంత్రానికి కొత్త గొంగడి అంచులా బిర్రుగా నిలబడింది. కొత్త రవికె గుడ్డలో చుట్టి ఇచ్చాను.

తాహేరా విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. ఆమె ముఖం చూశాక ఏదో తప్పు జరిగిందని తెలిసింది గానీ, ఏమిటో తెలియలేదు.

“అవ్వా... ఉతికినవా?”

“ఉడికిచ్చి ఉతికిన. గంజి గూడ వెట్టిన. కొత్తది లెక్క లేదా?”

ఆమె అరుగు మీద కూలబడింది. “తప్పు నాదే. నేనే జెప్పాల్సుండె” అంది. ఆ తర్వాత చెప్పింది, ఆ మురికిలోనే తంగేడు ఉండేదని.

అయినా తీసుకుపోయింది. ఐదు నెలలకు ఉత్తరం వచ్చింది. తాడు పై భాగమంతా వెతికారట. గొర్రె ఉన్ని తప్ప ఇంకేమీ దొరకలేదట. లచ్చయ్య ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేసి ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి మనిషి దొరికేవాడు. ఆయన గంజిగిన్నె తీసుకుపోయి వెనకింట్లో కనిపించకుండా పెట్టాడు, అంతే.

తొంభై ఆరు చలికాలంలో తాహేరా మళ్లీ వచ్చింది. ఈసారి తాడును తనతో తెచ్చింది. కూర్చోగానే పొట్లాల ఫలితం చెప్పింది. యాభై రెండు జింకల్లో నలభై ఆరింటిది ఒకే తల్లి గుర్తు. ఆరింటిది వేరే గుర్తు. ఆ రెండో గుర్తు ఈ మిట్టది కాదు. నీళ్లకు అవతలి గట్టున మిగిలిన మందలో మాత్రమే దొరికింది.

“అంటే మునిగిన బీడు మందది” అన్నాడు లచ్చయ్య.

“అవును తాతా. గా ఆరింటి నెత్తురు గీడికి ఎట్లొచ్చిందో ఎవ్వలకు తెల్వది. తంగేడు తెచ్చిందేమో. వేరే జింకలు నీళ్లకు ముందే ఎక్కొచ్చినయేమో.” తాడు నా ఒళ్లో పెట్టింది. “ఒక్క జాగ మిగిలిందవ్వా. గీ ముడి. బిర్రుగున్నది, లోపటికి గంజి పోయినట్టు లేదు. నువ్వు తంగేడు మెడ మీదనే ముడేసిన అన్నవ్ గదా. దాని వెంట్రుకలు లోపట చిక్కుకొని వుండొచ్చు. కత్తిరించి సూడాలె. దొరికితె మందుల కరిగిపోతయ్, మల్ల రావు. నీ తాడు. నువ్వు సరే అంటేనే.”

మధ్యాహ్నమంతా ఆ తాడు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. తంగేడుది అని నాకు మిగిలింది ఆ ముడి ఒక్కటే. విప్పాక లోపల ఏమీ లేకపోతే? ఉండి, ఆ గుర్తు ఆరింటిది కాదని తేలితే? ఇన్నాళ్లూ బీడు వైపు చూసినప్పుడల్లా, అదిగో అందులో ఒకటి నా తంగేడు మనవరాలు అనుకునేదాన్ని. రేపటి నుంచి అనుకోవడానికి కూడా ఉండదు.

“వద్దులే బిడ్డా” అన్నాను చివరికి.

తాహేరా తల ఊపింది. అప్పుడు దూలం కింద కూర్చున్న లచ్చయ్య, నా వైపు చూడకుండానే నా పేరు పెట్టి అన్నాడు. “విప్పే అండాలూ. నేను దాన్ని ఎత్కున్న కాంచి గా తల్లి దిబ్బ మీదనే నిలవడి నా దిక్కు సూస్తాంది. నాకు గూడ తెల్వాలె.”

పదిహేనేళ్లలో ఆ తల్లి మాట ఆయన నోట మళ్లీ వినడం అదే. నా ఒక్కదాని కళ్లలోనే ఉందనుకున్నాను.

తాహేరా కత్తెర తీసింది. “కత్తెరెందుకు? ఏసినదాన్ని నేను లేనా?” అన్నాను. శుభ్రమైన తెల్లకాగితం పరిచింది. నా చేతులకు కూడా ఆ పల్చటి తొడుగులు తొడిగింది. వేలు జారిపోతున్నా, గోరు ఆనకపోయినా, మూడు మెలికలూ ఒక్కొక్కటే వదిలించాను. పైన గట్టిగా ఉన్న ఉన్ని లోపల ఇంకా మెత్తగా ఉంది. వెలుతురుకు చూస్తే మెలికల మధ్య నాలుగు పసుపుపచ్చ వెంట్రుకలు. వాటిని చుట్టుకొని పొడవాటి నల్ల వెంట్రుక ఒకటి.

“గిది ఎవ్వలిది?” అంది తాహేరా.

నా తెల్ల జుట్టు సర్దుకున్నాను. “నాదే. ముడేసేటప్పుడు చిక్కుకున్నట్టున్నది.”

ఆ నాలుగింటిని చిన్న పట్టకారుతో గాజుగొట్టంలో వేసుకుంది. నల్లదాన్ని నాకు ఇచ్చింది.

ఉత్తరం వచ్చేసరికి ఎండాకాలం. అక్క బిడ్డ కూతురు యాదలక్ష్మి, ఐదో తరగతి, గడపలో నిలబడి పాఠం చదివినట్టు గట్టిగా చదివింది.

“‘అవ్వా, ముడిలోని వెంట్రుకల గుర్తు, ఆ ఆరు జింకల గుర్తు ఒక్కటే. కానీ నేను నీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ ఆరూ తంగేడు పిల్లల పిల్లలు కావచ్చు. లేదంటే తంగేడు తల్లి కూడా ఎలాగో నీళ్లు దాటి ఆ మిట్టకు చేరి, తర్వాత కన్న పిల్లల సంతానం కావచ్చు. లేదంటే ఆ మందదే ఇంకొక ఆడజింక దారి కావచ్చు. ఏదన్నది ఈ గుర్తు ఒక్కదానితో తేలదు. తరలింపు ఇప్పటికి ఆపారు. ఆ ఆరింటి దారి తెగకుండా ఏటేటా చూడాలి. నువ్వూ తాతా చలికాలంలో పొట్లాలు కట్టి రఘుపతి గారికి ఇస్తారా?’”

చదవడం ఆపి పిల్ల నా ముఖం చూసింది. “అంటె తెల్వదన్నట్టే గదా అమ్మమ్మా?”

“మీ అమ్మ ఎవ్వల బిడ్డే?”

“నీ బిడ్డ.”

“కన్నదెవ్వలు?”

“అమృతమ్మ అవ్వ.”

“మరి?”

పిల్ల ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టింది. వాటిని నా తంగేడు కన్నదైనా, దాని అక్క కన్నదైనా, దాని చెల్లె కన్నదైనా నాకు లెక్క ఒకటే. కానీ తంగేడే కన్నదని ఒక్క మాట రాసి ఉంటే బాగుండునని మనసు పీకుతూనే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

లచ్చయ్య మాత్రం ఒక్కటే అడిగాడు. “గా తల్లి దాటింది అంటవా?”

“దాటిందేమో.”

ఆయన గొంగడి వేసుకొని, తినకుండానే మంద దగ్గరికి పోయాడు.

చలి మొదలయ్యాక ఇద్దరం పొట్లాల కాగితాలు పట్టుకొని బీడుకు పోయాం. ఆరింటిలో నేను గుర్తుపట్టేది ఒక్కటే, ఏడో నంబరు పొట్లం, చెవి చిరిగిన ఆడది. మందకు కొంచెం పక్కగా మేస్తోంది. నా నోట్లో పేరు ఆడింది. పిలవలేదు. ఆ పేరు దానిది కాదు కదా. అయినా అది తల ఎత్తింది. నా వైపు కాదు, నీళ్ల వైపు. అక్కడేముందో చాలాసేపు చూసి, మళ్లీ తల దించి, మెల్లగా నడుచుకుంటూ పోయింది.

అది మేసిన చోటికి పోయి వంగాను. ఈసారి తొడుగులు మరిచిపోయాను. లచ్చయ్య దూరం నుంచి గొంతు చించుకున్నాడు. “ఏమే, కాయితంతోని ఏరు, కాయితంతోని! మల్ల ఖరాబ్ జేస్తవా?”

చివరి రెండు పెంటికలను కాగితంతోనే ఎత్తాను. మొదట ఎత్తినవి మాత్రం అప్పటికే నా అరచేతిలో ఉన్నాయి. అవి పొట్లానికి పనికిరావు. పారేయాలనే అనుకున్నాను గానీ, ఇంకా వెచ్చగా ఉన్నాయి. చల్లారేదాకా పట్టుకొని నిలబడ్డాను.